కమ్మరి మాట కంచరికి చెల్లదు

ఊరి కమ్మరి గడ్డపార మొనను కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, చివర్లో నీళ్ల తొట్టిలో ముంచుతాడు. చుయ్‌మని చప్పుడు, గుప్పున ఆవిరి, ఆ తర్వాత రాతినేలనైనా తవ్వే మొన. ఆ దృశ్యం ఒక్కసారి చూసినవాళ్లకు ఒక సూత్రం బుర్రలో నాటుకుపోతుంది: కాల్చిన లోహాన్ని నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, దాని మానాన వదిలేస్తే మెత్తబడుతుంది. తగుమాత్రం కార్బన్ ఉన్న ఉక్కు విషయంలో ఇది అక్షరాలా నిజం. చిక్కల్లా ఆ సూత్రాన్ని భుజాన వేసుకుని పక్క వీధిలో కంచరి దుకాణానికి వెళ్లినప్పుడే వస్తుంది.

అమెరికాలో రైఫిల్ తూటాలను ఇంట్లోనే తిరిగి నింపుకునేవాళ్లు దశాబ్దాలుగా చేస్తున్నది సరిగ్గా ఇదే. తూటా పేలాక మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ప్రైమర్ మాడిపోతుంది. చేతిలో మిగిలేది ఇత్తడి తొడుగు ఒక్కటే. దాన్ని శుభ్రం చేసి, అచ్చులో నొక్కి పూర్వరూపానికి తెచ్చి, మళ్లీ నింపడమే రీలోడింగ్. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం కాబట్టి ఇక్కడి ఇళ్లలో ఈ ముచ్చట లేదు. అక్కడ మాత్రం వేటగాళ్ల నుంచి వెయ్యి గజాల పోటీలకు వెళ్లేవాళ్ల దాకా గరాజులో ఒక బల్ల, దాని మీద ఒక ప్రెస్సు పెట్టుకున్నవాళ్లు ఎందరో.

ఆ బల్లల దగ్గర ఒక మాట చేతులు మారుతూ వస్తోంది. తొడుగు మెడ ఎర్రబడేదాకా టార్చితో కాల్చు, ఎర్రబడగానే నీళ్లలోకి తోసెయ్. ఆ నీళ్ల సంగతి అడిగితే రెండు జవాబులు వస్తాయి. నీళ్లలో పడితేనే ఇత్తడి మెత్తబడుతుందని ఒక వర్గం, నీళ్లలో పడితే గట్టిపడిపోతుంది కాబట్టి గాలికే చల్లారనివ్వాలని మరో వర్గం. ఇద్దరూ ఒకరినొకరు తప్పుబట్టుకుంటారు. ఇద్దరూ తప్పే. ఒకరు కమ్మరి సూత్రాన్ని తిరగేసి పట్టుకున్నారు, రెండోవారు ఉన్నదున్నట్టు పట్టుకున్నారు, అంతే తేడా.

ఉక్కు ఎందుకు గట్టిపడుతుందో చూస్తే ఇత్తడి ఎందుకు గట్టిపడదో తెలిసిపోతుంది. ఉక్కును బాగా కాల్చినప్పుడు అందులోని ఇనుప పరమాణువుల అమరికే మారిపోతుంది. ఆ కొత్త అమరికలో కార్బన్ కరిగి ఇముడుతుంది. నెమ్మదిగా చల్లారితే కార్బన్ బయటికి వచ్చి తన దారి తాను చూసుకుంటుంది. హఠాత్తుగా నీళ్లలో ముంచితే దానికి ఆ వ్యవధి దొరకదు, లోపలే ఇరుక్కుపోయి పరమాణువులను బిగదీస్తుంది. గడ్డపార మొన గట్టిదనమంతా ఆ ఇరుకులోంచి వచ్చిందే. తూటా తొడుగుకు వాడే ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. గది వేడి నుంచి కరిగే దశ దగ్గరపడేదాకా దాని పరమాణువుల అమరిక ఒకటే. మారే అమరికా లేదు, ఇరుక్కునే కార్బనూ లేదు. ముంచినా ముంచకపోయినా దానికి ఒకటే.

ఇందుకు ప్రయోగశాల అక్కర్లేదు. కంసాలి ముందు పావుగంట కూర్చుంటే చాలు. వెండి రేకును కొడతాడు, అది మొండికేయగానే ఊదుగొట్టంతో కాలుస్తాడు, కాల్చినదాన్ని తొట్టిలో ముంచి తీసి వెంటనే మళ్లీ కొట్టడం మొదలుపెడతాడు. నీళ్లు లోహాన్ని గట్టిపరిచేవే అయితే, మెత్తబరచడానికి కాల్చినదాన్ని నీళ్లలో ముంచే వెర్రివాడు ఎవరుంటారు? చేతికి వేడి తగలకుండా, చల్లారేదాకా కాచుకోకుండా, పని ఆగకుండా ఉండడానికి ముంచుతాడు. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క దిమ్మె మీద పరిచి ఉలితో బొమ్మలు ఉబ్బెత్తుగా తీసే పనిలోనూ కిటుకు అదే. కొట్టేకొద్దీ రేకు బిర్రబిగుస్తుంది, కాలిస్తే మళ్లీ మాట వింటుంది. ఇంత చిన్న సంగతి గరాజు బల్లల దాకా ఎందుకు చేరలేదో ఆశ్చర్యమే.

తెలుగువాళ్లకూ ఇందులో ఒక చిన్న వాత ఉంది. ఇలా కాల్చి మెత్తబరచడాన్ని ఇంగ్లీషులో ఎనీలింగ్ అంటారు. దానికి మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు మంద శీతలీకరణం, అంటే మెల్లగా చల్లార్చడం. గాజుకు, ఉక్కుకు ఆ పేరు అతికినట్టు సరిపోతుంది. ఇత్తడికి మాత్రం ఆ మాటలోనే తప్పుదారి ఉంది. చల్లారే వేగంతో దానికి నిమిత్తం లేదు, కాలడంతోనే పని అయిపోతుంది.

ఆ పని ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. ఒక తీగను అటూ ఇటూ వంచండి. మొదట సులువుగా వంగుతుంది, నాలుగోసారికి మొరాయిస్తుంది, పదోసారికి పుటుక్కున తెగుతుంది. వంచిన ప్రతిసారీ లోపలి స్ఫటికాల్లో లోపాలు పుట్టి, ఒకదానికొకటి అడ్డుపడి, చివరికి కదలడానికి చోటు లేకుండా పోతుంది. తొడుగు మెడకు పట్టే గతి ఇదే. పేలినప్పుడు ఉబ్బి తుపాకీ ఛాంబర్ గోడకు తాకుతుంది, అచ్చులో నొక్కినప్పుడు ముడుచుకుంటుంది, అచ్చు లోపలి గుండీని మెడలోంచి బయటికి లాగినప్పుడు మళ్లీ కొంచెం విచ్చుకుంటుంది, గుండు దూరినప్పుడు ఇంకొంచెం. ఇలా కొన్ని విడతలయ్యాక మెడ స్ప్రింగులా తయారవుతుంది. నొక్కినా పూర్తిగా నొక్కుకోదు. ఒక తొడుగు గుండును గట్టిగా పట్టుకుంటే ఇంకొకటి వదులుగా పట్టుకుంటుంది. చివరికి మెడ మీద నిలువునా సన్నని చీలిక. వేడి చేసినప్పుడు ఆ గజిబిజి స్ఫటికాల స్థానంలో కొత్తవి మొలుస్తాయి, లోహం మళ్లీ మొదటికొస్తుంది. ఎంత మేరకు మొదటికొస్తుందన్నది రెండిటిని బట్టి ఉంటుంది: ఎంత వేడి, ఎంతసేపు.

ఈ రెండో మాటనే అందరూ మింగేస్తారు. లోహశాస్త్రం చేతిపుస్తకాలు ఈ ఇత్తడికి చెప్పే ఎనీలింగ్ వేడి సుమారు 425 నుంచి 750 డిగ్రీల సెల్సియస్. అది కొలిమిలో తీరిగ్గా ఉంచే పనికి చెప్పిన లెక్క. టార్చి మంటలో తొడుగు ఉండేది కొన్ని సెకన్లే. వ్యవధి తగ్గితే వేడి పెరగాలి. టార్చి బదులు కొవ్వొత్తి వాడే ఇంకో వర్గం కథ చూడండి. తొడుగు అడుగును వేళ్లతో పట్టుకుని, మెడను కొవ్వొత్తి మంటలో తిప్పుతూ, చెయ్యి కాలేసరికి తడిగుడ్డలో పడేస్తారు. సురక్షితమే, కాదనేదేముంది. కానీ వేళ్లకు తెలిసేది అడుగు వేడి. మెడ ఎంత కాలిందో వేళ్లకెలా తెలుస్తుంది? మసి మాత్రం అంటుతుంది.

ఎర్రబడేదాకా అన్న వర్గానికి వేరే ఇబ్బంది ఉంది. ఎరుపు కొలబద్ద కాదు, అది చూసే చోటును బట్టి మారుతుంది. వేడెక్కిన ఏ ఘనపదార్థమైనా సుమారు 525 డిగ్రీల దగ్గర చీకట్లో కనీకనిపించని ఎరుపుతో వెలగడం మొదలుపెడుతుందని 1847లోనే జాన్ విలియం డ్రేపర్ చూపించాడు. చీకట్లో అని ఎందుకు చెప్పాల్సి వచ్చిందో గమనించాలి. గరాజు తలుపు తీసి, పట్టపగటి వెలుతురులో అదే తొడుగును కాలిస్తే 525 దగ్గర కంటికి ఏమీ కనబడదు. ఎరుపు కనబడేసరికి లోహం ఎన్నో డిగ్రీలు దాటిపోయి ఉంటుంది. ఒకే సలహా రాత్రి పాటించినవాడికి ఒక తొడుగును, పగలు పాటించినవాడికి వేరే తొడుగును ఇస్తుంది. అతిగా కాలిన మెడలో స్ఫటికాలు ఒకదాన్నొకటి మింగి లావెక్కుతాయి. లోహం మెత్తబడడం కాదు, చచ్చుబడిపోతుంది. సాగదీస్తే పైన నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. గుండును పట్టుకునే బిగువు పోతుంది. దాన్ని వెనక్కి తెచ్చే మందు లేదు. మళ్లీ కాలిస్తే ఇంకా లావెక్కడమే.

అందుకే శ్రద్ధ ఉన్నవాళ్లు లైట్లు ఆర్పి పనిచేస్తారు. లేదా ఫలానా వేడికి కరిగే టెంపిలాక్ లాంటి రంగును మెడ లోపల పూస్తారు, మెడ కింద వెడల్పయ్యే భుజానికి కిందుగా తక్కువ వేడికి కరిగేది ఇంకొకటి పూస్తారు. లోపలిది కరగాలి, కిందిది కరగకూడదు. ఇంకా డబ్బున్నవాళ్లు న్యూజీలాండ్ కంపెనీ ఏఎంపీ చేసే ఇండక్షన్ యంత్రాన్ని కొంటారు. మంట లేకుండా విద్యుదయస్కాంత శక్తితో, సెకను భాగాల లెక్కన అది మెడను కాల్చి వదులుతుంది. ఆ యంత్రం ఖరీదు చూస్తే నోరు తెరవాల్సిందే గానీ, కొలవగల పనిని కంటిచూపుకు వదిలేయకూడదన్న దాని వెనక ఆలోచన మాత్రం సరైనది.

మరి నీళ్లు ఎందుకొచ్చాయి మధ్యలో? వెడల్పాటి పళ్లెంలో సగం ఎత్తుదాకా నీళ్లు పోసి, తొడుగులను అందులో నిలబెట్టి, ఒక్కో మెడను టార్చితో కాల్చి, కాలగానే పక్కకు పడగొట్టడం పాత పద్ధతి. అందులో నీళ్లు చేసిన పని అడుగును కాపాడడం. ఇత్తడి వేడిని చాలా త్వరగా మోస్తుంది. మెడకు పెట్టిన మంట సెకన్లలో కిందికి దిగజారుతుంది. నీళ్లలో నిలబడ్డ అడుగు మాత్రం నూరు డిగ్రీలు దాటదు. పడగొట్టడం ఆ దిగజారే వేడిని ఆపడానికి. చూసినవాళ్లు ఆవిరిని చూశారు, చప్పుడు విన్నారు, కమ్మరిని తలుచుకున్నారు. కాపలావాడిని పూజారి అనుకున్నారు.

ఇంతదాకా నవ్వుకుని ఊరుకోవచ్చు. ఊరుకోకూడని చోటు ఒకటుంది. తూటా తొడుగు నిలువునా ఒకే గట్టిదనంతో ఉండే వస్తువు కాదు. మెడ, భుజం మెత్తగా ఉండాలి, అడుగు గట్టిగా ఉండాలి. .308 వించెస్టర్ తూటాకు అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ అనుమతించే గరిష్ఠ సగటు పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. కారు టైరులో ఉండే ఒత్తిడికి దాదాపు రెండు వేల రెట్లు. ఆ పీడనంలో తొడుగు అడుగులో కొంత భాగానికి చుట్టూ ఉక్కు ఆసరా ఉండదు. అక్కడ ఇత్తడి తన గట్టిదనంతోనే నిలబడాలి. ఆ గట్టిదనం ఫ్యాక్టరీలో చల్లగా నొక్కి, సాగదీసి సాధించింది, వేడితో తెచ్చింది కాదు. నీళ్లలో వేస్తే ఇత్తడి గట్టిపడుతుందని నమ్మేవాడు అడుగు కాస్త వేడెక్కినా తొట్టి ఉందిగా, మళ్లీ గట్టిపడుతుందిలే అనుకుంటాడు. గట్టిపడదు. మెత్తబడ్డ అడుగు మెత్తగానే ఉంటుంది. తర్వాతి పేలుడులో ప్రైమర్ గుంట సాగుతుంది, వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు దారి వెతుక్కుంటుంది. ఈ ఒక్క కారణంతోనే కమ్మరి సూత్రాన్ని రీలోడింగ్ బల్ల దగ్గరికి రానివ్వకూడదు.

మా తాత కాలం నుంచి ఇలాగే చేస్తున్నాం, ఏ తుపాకీ పగల్లేదు కదా అనేవాళ్లు ఉంటారు. పగలకపోవడానికి కారణం వాళ్ల సిద్ధాంతం కాదు, పళ్లెంలోని నీళ్లు. ఆ పళ్లెం తీసేసి, డ్రిల్లుకు బిగించిన సాకెట్లో తొడుగును గిరగిర తిప్పుతూ కాల్చే కొత్త అలవాటులో అడుగుకు ఆ కాపలా లేదు. పాత సిద్ధాంతం అలాగే ఉంది, పాత రక్షణ పోయింది.

చీలిన ఇత్తడిని చూసి తప్పుడు దోషిని పట్టుకోవడం కొత్తేమీ కాదు. దీని పాత ఉదాహరణ మన దేశానిదే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ ఉంచేది. వానలు వెలిసి చూసేసరికి పేల్చకుండానే తొడుగులు చీలి ఉండేవి. సీజన్ క్రాకింగ్ అని దానికి పేరు పడింది. ఇత్తడి నాసిరకం అనుకోవడం, పాతబడింది అనుకోవడం తేలిక. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అసలు సంగతి తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, చల్లగా సాగదీసి చేసిన తొడుగులో అణగి ఉన్న ఒత్తిడి, ఈ రెండూ కలిస్తేనే చీలిక. రెంటిలో ఒకటి లేకపోతే తొడుగు చెక్కుచెదరదు. మందు ఏమిటంటే తయారయ్యాక తగినంత వేడి చేసి లోపలి ఒత్తిడిని సడలించడం. అక్కడ తొట్టి ప్రసక్తే లేదు. వేడి ఒక్కటే వైద్యం. తొడుగులను తళతళలాడించాలని అమ్మోనియా ఉన్న లోహపు పాలిష్‌తో తోమేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. గుర్రపుశాలను సీసాలో కొని తెచ్చుకోవడం అది.

మెరుపు మోజు గురించే ఇంకో మాట. ఫిన్లాండ్‌లో లాపువా చేసే కొత్త తొడుగుల మెడ మీద నీలి గోధుమరంగు మరక కనబడుతుంది. కొత్తగా కొన్నవాళ్లు కొందరు కాలిపోయిన సరుకు అంటగట్టారని గొణుగుతారు. అది చివరి ఎనీలింగ్ ఆనవాలు. సైన్యపు తొడుగుల మీదా అదే మరక ఉంటుంది. దాన్ని రుద్ది మెరిపించి అమ్మే కంపెనీలూ అదే పని చేశాయి, ఆనవాలు చెరిపేశాయి అంతే. అలాగని రంగునే నమ్ముకోనూ కూడదు. మరక పైపొర ఆక్సీకరణం, లోపల స్ఫటికాలు మారాయో లేదో అది చెప్పదు.

ఇక రీలోడింగ్‌లో ఇంకో పని, కత్తిరింపు. ఇక్కడి అపోహ కంటికి ఇంకా అమాయకంగా కనిపిస్తుంది. తొడుగు ప్రతిసారీ కాస్త పొడవు పెరుగుతుంది, ట్రిమ్మర్‌లో పెట్టి మూతిని నిర్ణీత పొడవుకు కోసేస్తే కొత్తదైపోతుంది అని. .308కు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, కోయాల్సిన పొడవు 2.005. .223 తూటాకు 1.760, 1.750. పట్టిక చూసి కోయడం రావాల్సిందే, అందులో వాదం లేదు. మెడ హద్దు మీరితే ఛాంబర్ చివరి అంచుకు గుచ్చుకుని గుండును కరిచి పట్టుకుంటుంది, పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. కోత గురిని బాగుచేస్తుందని చేసే పని కాదు, ప్రాణానికి చేసే పని. అచ్చులో నొక్కాక కొలిచి కోయాలి. ముందే కోసి తర్వాత నొక్కితే మెడ మళ్లీ పెరుగుతుంది, కోసింది దండగ.

అయితే ట్రిమ్మర్ కింద రాలిన ఆ పసుపు రంగు పొట్టును అరచేతిలోకి తీసుకుని ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఇత్తడి ఎక్కడి నుంచి వచ్చింది? తొడుగుకు ఎవరూ కొత్త లోహం పోయలేదు. పైన పెరిగిందంటే కింద ఎక్కడో తరిగింది. పేలిన క్షణంలో పలుచని ముందు గోడలు ఛాంబర్‌ను గట్టిగా పట్టేసుకుంటాయి, మందమైన అడుగు వెనక్కి బోల్టు మీదికి తోసుకుపోతుంది. మధ్యలో, అడుగుకు కాస్త పైన, గోడ సాగుతుంది. తర్వాత అచ్చు ఆ సాగిన గోడను లోపలికి నొక్కితే లోహం పైకి పాకి మెడ దగ్గర తేలుతుంది. మూతి దగ్గర కోసేది ఆ నడుము నుంచి దోచుకున్నదాన్నే. కోసిన ప్రతిసారీ కింద ఉంగరంలా ఒక పలుచదనం పెరుగుతుంది, ఒకరోజు తొడుగు రెండు ముక్కలై సగం ఛాంబర్‌లోనే ఉండిపోతుంది.

లీ-ఎన్‌ఫీల్డ్ .303తో రీలోడింగ్ చేసేవాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. బురదలోనూ తూటా దూరాలని ఆ రైఫిళ్ల ఛాంబర్లను సైన్యం వదులుగా చేయించింది. దానికి తోడు బోల్టు వెనకవైపు పట్టు వేస్తుంది కాబట్టి పేలుడుకు కాస్త సాగుతుంది. అందులో తొడుగులు కొద్ది విడతలకే నడుము విరుగుతాయి. ఎంత బాగా ఎనీల్ చేసినా, ఎంత కచ్చితంగా కోసినా ఆ నడుముకు ఒరిగేదేమీ లేదు. నివారణ ఉన్నది అచ్చు సర్దుబాటులో. భుజాన్ని అంగుళంలో వెయ్యో వంతులు ఒకటి రెండు మాత్రమే వెనక్కి నెట్టేలా బిగిస్తే సాగుడు తగ్గుతుంది, పొట్టు కూడా తక్కువ రాలుతుంది. మరీ ఎక్కువ పొట్టు రాలితే తప్పు పట్టాల్సింది ట్రిమ్మర్‌ను కాదు, పక్కనున్న అచ్చును.

అవతలి పక్షానికి ఒక న్యాయం చేయాలి. ఎనీలింగ్ చేస్తే గురి సగానికి సగం మెరుగవుతుందని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, అదీ అతిశయోక్తే. తక్కువ పీడనంతో పనిచేసే పిస్టల్ తొడుగులకు దీని అవసరం చాలా అరుదు. మామూలు వేటగాడు నాలుగైదు సార్లు నింపి తొడుగును తుక్కులో పడేస్తానంటే అతన్ని అడ్డుకోవాల్సిన పనీ లేదు. చేయకపోవడం తప్పు కాదు. తప్పుడు కారణంతో, తప్పుడు వేడితో, అడుగును మరిచిపోయి చేయడం తప్పు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో ఈ సరదా పట్టినవాళ్లుంటే వాళ్లకో మాట. కాగితాలు గుచ్చే క్లిప్పు ఒకటి తీసుకుని, నిటారుగా సాగదీసి, కొనను లంబంగా కొంచెం వంచండి. ఖాళీ తొడుగులోకి దించి అడుగు దగ్గర నుంచి పైకి గోడ మీద మెల్లగా గీయండి. ఎక్కడైనా కొన పల్లంలో పడినట్టు తగిలితే, మెడ ఎంత మెత్తగా ఉన్నా, పొడవు పట్టికలో ఉన్నట్టే ఉన్నా, ఆ తొడుగు మూతిని పటకారుతో నొక్కేసి తుక్కు డబ్బాలో వేయండి.